రాత్రి ఆగిపోయి పది నిమిషాలకు మళ్లీ లేచే కారు

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది అమలాపురం. హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మావారు 1997లో కొన్న మారుతి 800 ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఈ ఏడాది మూడుసార్లు, మూడూ రాత్రిపూటే, నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. చివరిసారి రాజమండ్రి నుంచి వస్తూ గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగాక జరిగింది. ఇంజిను, హెడ్‌లైట్లు, మీటర్ లైట్లు అన్నీ ఒక్కసారే పోయాయి. తాళం తిప్పితే టక్‌మన్న చప్పుడు కూడా లేదు. తలుపు తీస్తే లోపలి లైటు కూడా వెలగలేదు. పది నిమిషాలు చీకట్లో కూర్చున్నాక, ఎవరూ ఏమీ చేయకుండానే అన్నీ వచ్చేశాయి. షెడ్డుకు తీసుకెళ్తే పగలంతా బాగానే ఉంటుంది. బ్యాటరీ మార్చారు, రెండు నెలలు బాగుంది. తర్వాత ఆల్టర్నేటర్ మార్చారు. ఇప్పుడు మొత్తం వైరింగ్ కిట్ మార్చాలంటున్నారు. మార్పించనా? అమ్మేయమని మా అబ్బాయి అంటున్నాడు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.
ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: టీచర్ గారూ, వైరింగ్ కిట్ మార్పించకండి. కనీసం ఈ జవాబు చదివి, నేను చెప్పిన పరీక్ష చేయించే వరకు ఆగండి. ఒక్క వోల్ట్ మీటరు, పది నిమిషాల ఓపిక చాలు.

మీ ఉత్తరంలో ఎంతో విలువైన మాట ఒకటి ఉంది: తలుపు తీస్తే లోపలి లైటు కూడా వెలగలేదని రాశారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రికల్ పని చేశాను. బండి ఆగిపోయిందని వచ్చిన ప్రతి మనిషినీ మొదట అడిగింది ఇదే: ఏవేవి కలిసి పోయాయి? లోపలి లైటుకు, హజార్డ్ లైట్లకు తాళంతో పని లేదు, వాటికి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. అవి వెలుగుతూ ఉండి ఇంజిను, వైపరు, ఇండికేటర్లు మాత్రమే పోయి ఉంటే తాళం స్విచ్ వెనక అరిగిపోయిన కాంటాక్టును అనుమానించేవాణ్ణి. మీ బండిలో లోపలి లైటు కూడా పోయింది. అంటే తాళం స్విచ్ తప్పు కాదు. లోపం దానికంటే ముందు, అంటే బ్యాటరీకీ ఫ్యూజు పెట్టెకూ మధ్యలో ఉంది. ఆ దారిలో ఉన్నవి నాలుగైదు జాయింట్లే. దీనికోసం డాష్‌బోర్డు విప్పి బండంతా తవ్వడం ఎందుకు?

ఇంకా దగ్గరికి రావచ్చు. బ్యాటరీ టెర్మినల్ ఒక్కటే లూజైతే, ఇంజిను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ ఎంతో కొంత కరెంటు ఇస్తూనే ఉంటుంది. లైట్లు మినుకుమినుకుమంటాయి కానీ ఇలా ఒక్క దెబ్బకు అన్నీ ఆరిపోవడం తక్కువ. అందుకని నా మొదటి అనుమానం బ్యాటరీ ప్లస్ నుంచి బండి లోపలికి వెళ్లే మెయిన్ వైరు మీద, ఆ దారిలో ఉండే మెయిన్ ఫ్యూజు రెండు కొసల మీద. రెండో అనుమానం బ్యాటరీ మైనస్‌ను బాడీకీ ఇంజినుకూ కలిపే ఎర్త్ వైర్ల మీద.

మరి రాత్రిపూటే ఎందుకు? మీరు లెక్కల టీచర్ కాబట్టి లెక్కతోనే చెబుతాను. పగలు ఇంజినుకూ చిన్నాచితకా వాటికీ కలిపి ఆ వైరులో ఐదు ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. రాత్రి రెండు హెడ్‌లైట్లకే దాదాపు పది ఆంపియర్లు కావాలి. వెనక లైట్లు, బ్లోయరు కలిస్తే మొత్తం ఇరవై దాకా అవుతుంది. జాయింటులో చిలుము పట్టి 0.05 ఓమ్‌ల అడ్డం ఏర్పడిందనుకోండి. అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పగలు 5 × 5 × 0.05, అంటే 1.25 వాట్లు. అది చేతికి కూడా తెలియదు. రాత్రి 20 × 20 × 0.05, అంటే 20 వాట్లు. మా షాపులో వైర్లు అతికే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి వేలిగోరంత జాగాలో పుడుతూ ఉంటే లోహం వ్యాకోచిస్తుంది, క్లిప్పు పట్టు వదులుతుంది, కాంటాక్టు విడిపోతుంది. బండి ఆగాక ఆ వైరులో కరెంటు పారదు, వేడి తగ్గుతుంది, లోహం మళ్లీ దగ్గరికొచ్చి అంటుకుంటుంది. మీరు చీకట్లో కూర్చున్న ఆ పది నిమిషాలు అది చల్లారడానికి పట్టిన సమయమే అయి ఉంటుంది.

బ్యాటరీ మార్చాక రెండు నెలలు ఎందుకు బాగుందో కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు. బ్యాటరీ తీసి పెట్టేటప్పుడు ఆ వైర్లన్నీ కదులుతాయి, కాంటాక్టు కాస్త గీసుకుని తాత్కాలికంగా శుభ్రపడుతుంది. కొత్త బ్యాటరీయే బాగుచేసిందని అందరూ అనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పనిలో కుదురుకుంటున్న రోజుల్లో గుడివాడ నుంచి ఒక అంబాసిడర్ టాక్సీ వచ్చింది. సరిగ్గా ఇదే బాధ. బ్యాటరీ మార్చాను, తర్వాత తాళం స్విచ్ మార్చాను. మూడోసారి ఆ డ్రైవరు పెళ్లివారిని దారి మధ్యలో దించేసి వచ్చి నా షాపు ముందు నిలబడ్డాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి లైట్లన్నీ వేసి, మెయిన్ వైరు పొడుగునా చేత్తో తడుముతూ వెళ్తే ఒకచోట వేలు చురుక్కుమంది. పైన తొడుగు బాగానే ఉంది. విప్పి చూస్తే లోపల థింబుల్, అంటే వైరు కొసకు నొక్కిపెట్టే లోహపు తొడుగు, నల్లబడి, రాగి పోగులు మూడు నాలుగే మిగిలాయి. స్విచ్ డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత కొలవకుండా ఏ సామానూ మార్చలేదు.

ఇప్పుడు పరీక్ష. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని చేయించండి. బాగున్న బండిని పగటిపూట, లైట్లు ఆపి చూస్తే ఏమీ దొరకదు. ఓమ్‌ల మీద పెట్టి బీప్ వినడం కూడా దండగ. మీటరు పంపే కరెంటు చాలా చిన్నది, ఒక్క పోగు అతుక్కుని ఉన్నా అది బీప్ అంటుంది. లోడు మీద, అంటే లైట్లూ బ్లోయరూ కరెంటు లాగుతున్నప్పుడు, వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో చూడాలి.

పరీక్షకు ముందు ఏ టెర్మినలూ విప్పనివ్వకండి, కదిపితే దొంగ దాక్కుంటాడు. ఇంజిను ఆపి హెడ్‌లైట్లు పది నిమిషాలు వెలగనివ్వండి. ఆ తర్వాతే తాళం తిప్పి బ్లోయరు వేయండి. ఇంజిను తిరగకుండా తాళం ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ వేడెక్కుతుంది కాబట్టి ఈ చివరి భాగం త్వరగా ముగించాలి. మీటరు డీసీ వోల్టుల మీద ఉండాలి. ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉంటే మాత్రం షార్టవుతుంది, అది ముందే చూసుకోమనండి. ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ సీసపు గుబ్బ మీద పెట్టాలి, దాని మీది క్లాంపు మీద కాదు. నల్ల మొన మెయిన్ ఫ్యూజుకు అవతలి కొస మీద పెట్టాలి. 0.2 వోల్టుల లోపు వస్తే ఆ దారి మంచిదే. అర వోల్టు దాటితే దొంగ అక్కడే ఉన్నాడు. ఇక నల్ల మొనను ఒక్కో జాయింటు వెనక్కి జరుపుకుంటూ రండి. ఏ జాయింటు దాటగానే అంకె ఒక్కసారిగా తగ్గుతుందో అదే మీ జబ్బు.

ప్లస్ వైపు ఏమీ దొరక్కపోతే ఎర్త్ చూడాలి. మైనస్ గుబ్బ నుంచి బండి బాడీకి ఒకసారి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని ఇంజిను లోహానికి ఒకసారి కొలవండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వంద ఆంపియర్లు, ఇంకా ఎక్కువా లాగుతుంది కాబట్టి అక్కడ అర వోల్టు దాకా పర్వాలేదు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. పైకి కనిపించే బోల్టు బాగానే ఉన్నా, ఎర్త్ వైరు కింద రేకు తుప్పు పట్టి ఉండటం కోనసీమ బండ్లలో నేను చాలా చూశాను.

జాయింటు దొరికాక రిపేరు చిన్నదే. నల్లబడ్డ వైరును మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త థింబుల్ గట్టిగా నొక్కించండి. ఫ్యూజు పట్టే క్లిప్పు వదులైతే ఆ హోల్డరు మార్పించండి. పని మొదలుపెట్టేటప్పుడు మైనస్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. టెర్మినళ్ల మీద తెల్ల పొడి ఉంటే వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజ్‌లైన్ రాయండి. ఈ పనులు మాత్రం చేయనివ్వకండి. ఫ్యూజు బదులు తీగ చుట్టడం, ఉన్నదానికంటే పెద్ద ఫ్యూజు పెట్టడం వద్దు, బండి తగలబడుతుంది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ పరీక్షించడం మా పాతవాళ్ల అలవాటు. అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు పోతాయి. కొత్త ఆల్టర్నేటర్‌కు ఆ గతి పట్టించకండి.

ఇది తేలేదాకా రాత్రి ప్రయాణం పెట్టుకోకండమ్మా. ఈ మాట మాత్రం తప్పక వినండి. లైట్లన్నీ పోతే హజార్డ్ లైట్లు కూడా వెలగవు, వెనక వచ్చే లారీకి మీరు కనిపించరు. టార్చి, మెరిసే త్రికోణం బండిలో ఎప్పుడూ ఉంచండి. నడుస్తుండగా ఆగితే కంగారుపడి తాళం బయటికి లాగకండి, స్టీరింగు లాక్ అవుతుంది. బ్రేకును ఊరికే కొట్టకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టి, ఎడమ అంచుకు చేరండి.

అమ్మకం సంగతి. ప్రతిసారీ రెన్యువల్ చేయించి ఉంటే మీ రిజిస్ట్రేషన్ 2027 దాకా ఉండాలి. బాడీ, ఇంజిను బాగుంటే, ఒక్క థింబుల్ కోసం మావారి బండి అని మీరు చెప్పుకుంటున్న దాన్ని వదులుకోవలసిన పని లేదు. పరీక్షలో వచ్చిన మూడు అంకెలు, ప్లస్ వైపుది, బాడీ ఎర్త్‌ది, సెల్ఫ్ కొట్టినప్పటిది, ఒక కార్డు మీద రాసి పంపండి. చూసి మళ్లీ జవాబిస్తాను.