పటేల్ ఇంటిపేరా, పదవి పేరా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గరి పల్లె. తాతగారి పేరు చివర ‘పటేల్’ ఉంది, మా ఇంటిపేరు మాత్రం వేరు. సంబంధాలు చూసేవాళ్లు ‘మీరు గుజరాతీలా?’ అంటున్నారు. మా ఊళ్లో ముస్లిం పటేళ్లూ ఉన్నారు. ఇంతమందికి ఒకే పేరెలా వచ్చింది? మాది ఎక్కడిదో తేలేదెలా?

జవాబు: గుజరాత్ దాకా పోనక్కర్లేదు. పటేల్ మొదట పదవి పేరు. మాళవనేలిన పరమారుల తామ్రశాసనాల్లో గ్రామపెద్దను ‘పట్టకిల’ అన్నారు. అదే మరాఠీలో పాటీల్, గుజరాతీలో పటేల్ అయింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఊరిపెద్దను ‘పట్ల’ అంటారు. ఊరి పెద్దరికం ఎవరిదైతే పేరూ వాళ్లదే, అందులో కులమతాల ప్రసక్తి లేదు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పాటీదారు (గుజరాత్‌లోని ఒక వ్యవసాయ కులం), క్రికెటర్ మునాఫ్ పటేల్ ముస్లిం, కర్ణాటక ముఖ్యమంత్రిగా చేసిన జె.హెచ్. పటేల్ లింగాయతు. గుజరాత్‌లో పాటీదార్లే ఎక్కువమంది ఈ పేరు పెట్టుకోవడంతో ఇది ఒక్క కులానిదే అన్న భ్రమ పుట్టింది.

మీ వైపు సంగతి వేరు. నిజాం ఏలుబడిలో ఊరికి ఇద్దరు పటేళ్లు. తగాదాలు, నేరాలు, చావుపుట్టుకల లెక్క పోలీసు పటేలువి. శిస్తు వసూలు మాలీ పటేలుది. దస్త్రం రాసేది పట్వారీ. ఈ పదవులు వతన్‌గా, అంటే వంశపారంపర్య హక్కుగా, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. అయితే వతన్ ఒకరిదై, పని వారి తరఫు గుమాస్తా చేసిన ఊళ్లు బోలెడు. కాబట్టి ‘పటేలా’ అన్న పిలుపు ఒక్కటే పట్టుకుని వతన్ మీదేనని అనుకోవద్దు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులన్నీ ఎత్తేసింది. పిలుపు మాత్రం ఇంకా వదల్లేదు.

తేల్చుకోవాలంటే తహసీల్ కార్యాలయంలో మీ సర్వే నంబరు రాసి, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలుకు దరఖాస్తు పెట్టండి. తాతగారి పేరు ముందు ఇంటిపేరు, చివర పటేల్ ఉంటే అది హోదాగా చేరిందనే లెక్క. ఇక్కడే చాలామంది పొరబడతారు: ‘పట్టాదారు’ గడిలో పేరుంటే భూమి ఉన్నట్టు, పటేల్‌గిరీ ఉన్నట్టు కాదు. ఇంట్లో పాత శిస్తు రసీదులుంటే వాటి కింది సంతకం చూడండి, మాలీ పటేలు ఎవరో తెలిసిపోతుంది. సేత్వార్ (మొదటి భూమి సర్వేనాటి రిజిస్టరు) కూడా తీయిస్తే అది ఉర్దూలో ఉండొచ్చు, చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

సంబంధాలకు చూడాల్సింది ఇంటిపేరు, గోత్రం. ఇద్దరూ పటేళ్లే అయినంత మాత్రాన దాయాదులు కారు. అన్నట్టు, పిల్లల సర్టిఫికెట్లలో ఒకరికి ఇంటిపేరు, ఇంకొకరికి పటేల్ రాయించకండి. రేపు పాస్‌పోర్టు దగ్గర తోబుట్టువులమని నిరూపించుకోవడానికి కాగితాలు వెతుక్కోవాల్సి వస్తుంది.