ఫిల్టర్ అంటే వడపోతేనా?

సందేహం: హెల్మెట్‌కు బిగించుకునే చిన్న యాక్షన్ కెమెరాకు ఏ ఫిల్టర్లు కొనాలో తెలుగులో రాస్తున్నాను. కెమెరాలోకి వెళ్లే వెలుతురును తగ్గించే ఎన్డీ (న్యూట్రల్ డెన్సిటీ) ఫిల్టర్‌ను 'తటస్థ సాంద్రతా వడపోత' అంటే స్నేహితులు నవ్వారు. 'ఎన్డీ8 పెడితే వెలుతురు 8 రెట్లు తగ్గుతుంది' అన్న వాక్యం కూడా తప్పేనట. నిజమేనా?

సమాధానం: మొదటిదానికి నవ్వితే నవ్వారు గానీ, అసలు దిద్దుకోవలసింది రెండోది.

'వడపోత' మంచి మాటే, కాకపోతే అది పని పేరు. కోయు–కోత, పోయు–పోత. కోత పని, కొడవలి పనిముట్టు. ప్రయోగశాలలో వాడేదాన్ని కూడా ఉత్త వడపోత అనకుండా 'వడపోత కాగితం' అన్నది అందుకే. ('మేత' మేయడానికీ, మేసే గడ్డికీ కూడా చెల్లుతుంది. అన్ని మాటలకూ ఆ యోగం పట్టదు.)

పైగా వడకట్టామంటే ఒకటి దిగాలి, ఒకటి ఆగాలి. డికాషన్ దిగుతుంది, పిప్పి పైన ఉండిపోతుంది. నీళ్లలో వాడే ఎర్ర ఫిల్టర్‌కు ఈ మాట అతుకుతుంది. లోతుకు దిగేకొద్దీ నీరు ముందు ఎరుపునే మింగేస్తుంది, అంతా నీలంగా కనిపిస్తుంది. ఆ నీలంలో కొంత ఆపి, మిగిలి ఉన్న ఎరుపును తేల్చడమే ఆ ఫిల్టర్ పని. ఆకుపచ్చటి నీళ్లలోనైతే మెజెంటా (ముదురు గులాబీ) రంగుది కావాలి, ఆ సంగతీ రాయండి.

ఎన్డీ ఏ రంగునూ ఏరదు, అన్నిటినీ ఒకేలా తగ్గిస్తుంది. 'తటస్థ' అన్న మాట ఇక్కడ ముచ్చటగా కుదిరింది. తటం అంటే ఒడ్డు, ఎటూ దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు తటస్థుడు. కానీ 'సాంద్రత' అనగానే బడి చదువు గుర్తొచ్చి పాఠకుడు ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం మొదలుపెడతాడు. ఎన్డీ అనే ఉంచి, ఒక్కసారి 'కెమెరాకు చలువ కళ్లద్దాలు' అనండి, చాలు. ఈ చిన్న కెమెరాలు చాలావాటిలో అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, మారదు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుతురు తగ్గించుకోవడానికి షటర్ వేగం పెంచడమే, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే సమయాన్ని తగ్గించడమే వాటికి తెలిసిన దారి. అప్పుడు రోడ్డూ చెట్లూ గతుకులు గతుకులుగా కదిలినట్టుంటాయి. సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంటే షటర్ సెకనులో 60వ వంతు దగ్గర ఉంటే కదలిక సహజంగా కనిపిస్తుంది. ఎన్డీ వేసేది అందుకే.

ఇక మీ రెండో వాక్యం. రెట్టు పెంపుకు పుట్టిన మాట, తగ్గింపుకు వంతు ఉంది. ఉన్నదంతా ఒక రెట్టు తగ్గితేనే ఏమీ మిగలదు, ఇక ఎనిమిది రెట్లు తగ్గేదెక్కడ? పత్రికల్లో కూడా 'మూడు రెట్లు తక్కువ' అని రోజూ చూస్తున్నాం, ఇంగ్లీషు నుంచి దిగిన వాక్యమది. 'వెలుతురు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది' అని రాయండి. ఆ 'కు' జారిపోతే కొంప మునుగుతుంది. 'ఎనిమిదో వంతు తగ్గుతుంది' అంటే ఎనిమిదిలో ఏడు వంతులు ఇంకా మిగిలే ఉన్నాయని అర్థం. నిజానికి ఎన్డీ8 ఆపేదే ఏడు వంతులు! ఆ లెక్కన ఎన్డీ16 పదహారో వంతుకు, ఎన్డీ32 ముప్పై రెండో వంతుకు తగ్గిస్తాయి. ఎండ ముదిరేకొద్దీ పెద్ద అంకె.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ ఉత్తరంలో 'ఫిల్టరులు' అని ఒకచోట, 'ఫిల్టర్లు' అని ఒకచోట ఉంది. ఫిల్టర్లే మేలు. ఊరు–ఊళ్లు, గోరు–గోళ్లు అయినట్టు అరువు తెచ్చుకున్న మాటలు మారవు. మారితే మన కార్లన్నీ కాళ్లు అయ్యేవి.

క్రియ సంగతికొస్తే, అన్నిటికీ 'అమర్చండి' అని రాసి సరిపెట్టకండి. మరలు ఉంటే బిగిస్తాం, టోపీలా జారేదైతే తొడుగుతాం, క్లిప్పు ఉంటే తగిలిస్తాం. ఏ కెమెరాకు ఏ రకం కొనాలో సగం ఆ క్రియే చెప్పేస్తుంది. ఎలా పెట్టినా, చీకటి పడ్డాక మాత్రం ఎన్డీని తీసేయమనండి. రాత్రిపూట చలువ కళ్లద్దాలు పెట్టుకుని బండి నడిపేవాణ్ని చూస్తే మనకు టెన్షనే కదా!