ఈస్టర్ ఐలాండ్ జనం చెట్లన్నీ నరికేసుకుని నాశనమయ్యారన్నది నిజమేనా?

సగమే నిజం. చెట్లు పోయిన మాట వాస్తవమే. జనం పోయింది మాత్రం అందువల్ల కాదు.

ఉద్యోగరీత్యా చిలీలో ఉన్నప్పుడు అక్కడికి వెళ్లాను. శాంటియాగో నుంచి విమానంలో అయిదు గంటలకు పైనే, దారి పొడవునా సముద్రమే. దీవి మొత్తం 163 చదరపు కిలోమీటర్లు. మూడు అగ్నిపర్వతాలు కలిసి ఏర్పడిన ముక్కోణం. ఒక్క నది కూడా లేదు. మనుషులుండే దగ్గరి దీవి పిట్‌కెయిర్న్, అదీ దాదాపు 2,000 కిలోమీటర్ల దూరం.

ఒకప్పుడు అక్కడ తాటి జాతి చెట్ల అడవి ఉండేది. నరకడం, కాల్చడం ఒకెత్తయితే, పడవల్లో వచ్చిన ఎలుకలు గింజలు తినేయడం ఇంకొకెత్తు. అయినా వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మా గైడ్ రాపనుయ్ ఆవిడే, అంటే ఆ దీవి మూలవాసి. రోడ్డు పక్కన ఒక గుండ్రటి రాతి గోడ చూపించింది, మనవాయ్ అంటారు. బయట గాలికి నిలబడలేకపోతున్నాం. లోపల మాత్రం అరటి ఆకు చిరగకుండా ఉంది, మట్టి తడిగా ఉంది. చేలల్లో కూడా పగలగొట్టిన రాళ్లు పరిచి, తేమ ఆరిపోకుండా చిలగడదుంప పండించేవాళ్లట. ఇంత తెలివిగా సేద్యం చేసినవాళ్లను మూర్ఖులనడం చాలా అన్యాయం. 2024లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన కూడా 1600లలో జనాభా కుప్పకూలిన ఆనవాళ్లు లేవనే తేల్చింది.

అసలు దెబ్బ 1862-63లో పడింది. పెరూ నుంచి వచ్చిన ఓడలు సుమారు 1,500 మందిని బానిసలుగా పట్టుకుపోయాయి. దీవి సొంత లిపి రోంగోరోంగో చదవగలిగిన పెద్దలూ వాళ్లలో ఉన్నారు. గొడవయ్యాక కొందరిని వెనక్కి పంపితే, బతికి వచ్చిన కొద్దిమందితో పాటు మశూచి దిగింది. 1877 నాటికి మిగిలింది 111 మంది. ఆ అంకె విన్నాక మోయాయ్ అనే ఆ దీవి పెద్ద రాతి విగ్రహాల ముందు ఫోటోలు దిగబుద్ధి కాలేదు నాకు.

1888లో చిలీ దీవిని కలుపుకుంది. తర్వాత 1953 దాకా దీవి దాదాపు అంతా గొర్రెల కంపెనీ చేతిలోనే. జనాన్ని హంగా రోవా అనే ఊళ్లో గోడ కట్టి ఉంచారు. పౌరసత్వం దక్కింది 1966లో.

వెళ్లే ఆలోచన ఉంటే, ఇప్పుడు నేషనల్ పార్కును నడిపేది రాపనుయ్ వాళ్ల సంస్థ మావు హెనువానే. లోకల్ గైడ్ లేకపోతే చాలా చోట్లకు రానివ్వరు. ఆ గైడ్‌ని విగ్రహాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా తరలించారని అడిగాక, 1862 గురించి కూడా అడగండి.