నలాక్సోన్ ఆక్సీమార్ఫోన్ ఆకారంలోనే ఉండి కూడా ఎందుకు అడ్డుకుంటుంది?

మీరు పట్టించుకోనిది నైట్రోజన్‌ని. ఆక్సీమార్ఫోన్ (మార్ఫిన్ తరహా నొప్పి మందు), నలాక్సోన్ (అలాంటి మందుల పనిని ఆపే మందు) అణువుల బొమ్మలు పక్కపక్కన పెట్టి, "రెండూ ఒకేలా ఉన్నాయి, ఒకటి నొప్పి తగ్గిస్తే రెండోది దాన్నే ఎలా ఆపేస్తుంది?" అన్నారు. వలయాల జోలికి పోకండి, అవి రెండింటిలోనూ ఒకటే.

1. నైట్రోజన్ మీద ఏముందో చూడండి. ఆక్సీమార్ఫోన్‌లో మిథైల్, ఒక్క కార్బన్. నలాక్సోన్‌లో అల్లైల్: మూడు కార్బన్లు, చివర డబుల్ బాండ్. తేడా అంతే.

2. చాలామంది తడబడేది ఇక్కడే. రిసెప్టార్‌కి (కణం మీద మందు అతుక్కునే ప్రోటీన్‌కి) అతుక్కోవడం వేరు, దాన్ని పనిచేయించడం వేరు. ఫినాల్ ఓహెచ్, పాజిటివ్ చార్జ్ ఉన్న నైట్రోజన్ రెండింటికీ ఉన్నాయి కాబట్టి మ్యూ రిసెప్టార్‌ని (ఈ మందులు పనిచేసే రిసెప్టార్‌ని) రెండూ గట్టిగానే పట్టుకుంటాయి. కానీ నలాక్సోన్ కూర్చున్నప్పుడు రిసెప్టార్ చురుకైన ఆకృతిలోకి మారదు. తాళంలో దూరుతుంది, తిరగదు. పైగా అసలు తాళంచెవికి చోటివ్వదు. నోట్సులో అఫినిటీ (అతుక్కునే బలం), ఎఫికసీ (పనిచేయించే శక్తి) వేర్వేరు గళ్లలో రాసుకోండి.

3. "గ్రూపు పెద్దదైతే అడ్డుకుంటుంది" అని మాత్రం బట్టీ పట్టొద్దు (నేను పట్టి దెబ్బతిన్నాను). మార్ఫిన్‌లో నైట్రోజన్ మీది మిథైల్ తీసి, అల్లైల్ కంటే కూడా పెద్దదైన ఫినైల్‌ఇథైల్ పెడితే ఇంకా బలమైన అగోనిస్ట్ (రిసెప్టార్‌ని పనిచేయించే మందు) వస్తుంది.