మెకంజీకి కైఫీయతులు రాయించే తీరిక ఎక్కడిది?

ప్రశ్న: ఈమధ్య ఒక ఊరి కైఫీయతు, అంటే ఆ ఊరి చరిత్ర రాసిన పాత పత్రం, చదివాను. రాయించింది కల్నల్ మెకంజీ అని ఉంది. సైన్యంలో అంత పెద్ద అధికారికి ఊళ్ల చరిత్రలు పోగుచేసే తీరిక ఎలా దొరికింది?
- ఒక పాఠకురాలు

జవాబు: తీరిక దొరికి చేసిన పని కాదమ్మా అది. కోలిన్ మెకంజీది స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి. 1783లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో క్యాడెట్‌గా చేరి, మూడేళ్లకి ఇంజనీర్లలోకి మారాడు. ఆయన జీవితం అక్కడే మలుపు తిరిగింది. ముట్టడిలో కందకాలు తవ్వించడం, ఫిరంగులకి చోటు చూడడం ఎంత ముఖ్యమో, దారులూ వాగులూ కనుమలూ కొలిచి పటం గీయడం కూడా సైనిక ఇంజనీరుకి అంత ముఖ్యం. పుదుచ్చేరి, సింహళం, శ్రీరంగపట్నం, ఆ తర్వాత జావా, అన్ని దండయాత్రల్లోనూ ఉన్నాడు.

1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక మైసూరు రాజ్యాన్ని కొలిచే పని ఆయనకే అప్పజెప్పారు. ఏ మాన్యం ఎవరిచ్చారో, ఏ చెరువు ఎవరి కాలంలో తవ్వారో తెలిస్తేగానీ దేశం కంపెనీ చేతికి చిక్కదు. అందుకని ఊరి చరిత్ర అడగడం సర్వేలో భాగమైంది. అయితే కంపెనీ అడిగినదానికన్నా ఎంతో ఎక్కువ సేకరించాడు, సొంత డబ్బు కూడా పెట్టాడు. ఆయన పోయాక లెక్కిస్తే శాసనాల నకళ్లే 8,076 తేలాయి.

కానీ మెకంజీకి మన భాషలు రావు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదనిపిస్తుంది నాకు. 1796లో ఆయన దగ్గర చేరిన ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య లేకపోతే కరణాలు, పూజారులు నోరు విప్పేవారా? పాత కన్నడ శాసనాలు చదివేదెవరు? బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకుని, మెకంజీ ఉన్నన్నాళ్లూ నడిపించాడు.

మెకంజీ 1815లో భారతదేశానికంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. కల్నల్ హోదా మాత్రం 1819కి గానీ రాలేదు. 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన సేకరణని కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకి కొన్నది. మిగిలిన పని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య అడిగితే, 1836లో కలకత్తాలోని పండితుల సంఘం ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి ప్రిన్సెప్ ఆయనకి అంత అర్హత లేదని తేల్చేశాడు. పాతికేళ్లకి పైగా ఆ పనిలోనే బతికిన మనిషికి అది ఘోరమైన అన్యాయం.

తెలుగు కైఫీయతులు ఇప్పుడు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మీరు చదివినదాని చివర రాసినవాళ్ల పేరు ఉందేమో చూసి నాకు రాయండి.