మీ ప్రశ్న, నా జవాబు: పొద్దున ధ్యానం, తొమ్మిదింటికి అరుపులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట, మనశ్శాంతి. బౌద్ధ ధ్యానం మొదలుపెట్టామండీ, అయినా రావట్లేదండీ అని. వాటిలోంచి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు పట్టింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మా అత్తగారు రెండేళ్లుగా మంచం మీదే ఉన్నారు. అన్నీ నేనే చూసుకోవాలి. పొద్దున్నే ఐదింటికి లేచి ఇరవై నిమిషాలు ధ్యానం చేస్తాను, అప్పుడు మనసు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తొమ్మిదయ్యేసరికి ఆవిడ మందు ఉమ్మేయడం, అప్పుడే మార్చిన దుప్పటి మళ్లీ తడపడం, పైగా నేను సరిగా చూడట్లేదని ఫోన్లో బంధువులకి చెప్పడం, ఇక నేను అరిచేస్తాను. తర్వాత రోజంతా గిల్టీగా ఉంటుంది. నాలో కరుణ అనేదే లేదేమో. (ఒక సోదరి)

జవాబు: లేకపోతే రెండేళ్లు దుప్పట్లు ఎవరు మార్చారమ్మా? ముందు ఆ మాట పక్కన పెట్టేయండి.

మీకు ఒక సంగతి చెప్తాను. ఇది వినయపిటకంలో ఉంది, అంటే భిక్షువుల నియమాల పుస్తకంలో. ఒకసారి బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువులు ఉండే గదులు చూస్తూ వెళ్తుంటే ఒకచోట ఒక భిక్షువు విరేచనాలతో, తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నిన్ను చూసేవాళ్లు ఎవరూ లేరా అంటే లేరన్నాడు, ఎందుకు లేరంటే నేను ఎవరికీ ఏమీ చేసిపెట్టలేదు అందుకే నన్నెవరూ చూడట్లేదు అన్నాడు. బుద్ధుడు అక్కడ కూర్చుని ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదండి. ఆనందా నీళ్లు తీసుకురా అన్నాడు. ఆయన నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు, తర్వాత ఆయన తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. అంతా అయ్యాకే మిగతా భిక్షువుల్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయండి అన్నాడు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. దాని వెనకాలే ఉన్న భాగం ఎవరూ చెప్పరు, నాకేమో అదే ఇష్టం. ఎలాంటి రోగికి సేవ చేయడం కష్టమో కూడా అక్కడే లెక్కపెట్టి చెప్పాడు: ఒంటికి పడనిది చేసేవాడు, పడేదైనా మోతాదు తెలియనివాడు, మందు వేసుకోనివాడు, తనకెలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పనివాడు, నొప్పి ఓర్చుకోలేనివాడు. చూశారా, మీ అత్తగారు ఆ లిస్టులో ఉన్నారు! అంటే రెండున్నర వేల ఏళ్ల క్రితమే, కొందరు రోగుల్ని చూసుకోవడం నిజంగానే కష్టం అని ఆయన ఒప్పుకున్నాడు. మీకు కష్టంగా ఉందంటే మీ గుండె రాయి అయిపోయిందని కాదు, పనే కష్టమైన పని.

ఇప్పుడు గిల్టీ సంగతి. బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో రెండు బాణాల పోలిక ఒకటుంది. ఒక బాణం తగిలింది, అది నొప్పే, తప్పదు. దాని గురించి ఏడ్చి, కుమిలి, తిట్టుకోవడం రెండో బాణం. మీ విషయంలో తడిసిన దుప్పటి మొదటిది, అరుపు రెండోది, ఆ తర్వాత నాలో కరుణే లేదు అని సాయంత్రం దాకా కుమిలిపోవడం మూడోది, అది మీరు సొంతంగా తయారు చేసుకున్న బాణం.

ఇంకో విషయం, కరుణ అంటే అవతలివాళ్ల బాధని మన ఒంట్లోకి ఎక్కించుకోవడం అని చాలామంది అనుకుంటారు. కాదండి. ఐదో శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో కూర్చుని విశుద్ధిమగ్గం అనే బౌద్ధ సాధనా గ్రంథం రాసిన బుద్ధఘోషుడు, కరుణకి ఇద్దరు శత్రువులున్నారు అంటాడు. దూరపు శత్రువు క్రూరత్వం, అది చూడగానే తెలిసిపోతుంది. దగ్గరి శత్రువు దుఃఖం, అది కరుణ లాగే కనపడుతుంది గనక పట్టుకోవడం కష్టం. ఈ మధ్య మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు కూడా దాదాపు ఇదే చూశారు. జర్మనీకి చెందిన తానియా సింగర్ బృందం 2014లో వేసిన పేపర్ ఒకటుంది, అందులో పాల్గొన్నవాళ్లకి ముందు ఎదుటివాళ్ల బాధని తమ బాధగా ఫీలవ్వడం నేర్పి కష్టాల్లో ఉన్నవాళ్ల వీడియోలు చూపిస్తే వాళ్లు ఇంకా కుంగిపోయారు, తర్వాత అదే మనుషులకి మైత్రీ ధ్యానం లాంటిది, వాళ్లు బాగుండాలి అని కోరుకోవడం నేర్పితే మనసు తేరుకుంది, మెదడులో పనిచేసే భాగాలు కూడా వేరుగా కనిపించాయి. మీరు రెండేళ్లుగా మొదటిది చేస్తూ దానికే కరుణ అని పేరు పెట్టుకున్నారేమో అని నా అనుమానం.

చేయాల్సింది చెప్తాను, పెద్దదేం కాదు. ఐదింటి ధ్యానం ఉండనివ్వండి. దాంట్లోంచి ఒక ఐదు నిమిషాలు తీసి తొమ్మిదింటికి మార్చండి. ఆవిడ గది గుమ్మం దగ్గర, చేతిలో ఉతికిన దుప్పటి ఉండగానే ఆగండి, మూడు శ్వాసలు తీసుకోండి, నాకు ఇది కష్టంగా ఉంది, నాకు ఓపిక కలగాలి అని ముందు మీకోసం అనుకోండి. తర్వాత ఆవిడకి నొప్పి తగ్గాలి అని ఒక్కసారి. లోపలికెళ్లాక దుప్పటి మీదే ధ్యాస పెట్టండి, మూల లాగుతున్నారు, మడత పోతోంది, వేళ్లకి తడి తగులుతోంది, ఆవిడ ఏదో అంటున్నారు, అది చెవిన పడుతోంది. అంతే. అయినా కొన్నాళ్లు అరుస్తూనే ఉంటారు, ఫర్లేదు, అరుపు గొంతు దాకా వచ్చిన క్షణం మీకు తెలియడం మొదలైతే చాలు.

ఒకటి అడగనా? ఇంత పెద్ద ఉత్తరంలో మీవారి గురించి ఒక్క ముక్క లేదు. ఆవిడ ఆయనకి అమ్మ కదా. ఆ కథలో బుద్ధుడు కూడా రోగిని ఒక్కడే ఎత్తలేదు, కాళ్లవైపు ఇంకొకరున్నారు.

ప్రశ్న: ధ్యానంలో కూర్చుంటే ఆలోచనలు ఆగట్లేదు. ఆరు నెలలైంది. నాకిది పడదా? (ఒక ఉద్యోగి)

జవాబు: ఆపమని ఎవరు చెప్పారండీ మీకు? ఆలోచన వచ్చిందని తెలిసి మళ్లీ శ్వాస దగ్గరికి రావడమే అక్కడ పని, అరగంటలో వందసార్లు వెళ్లి వందసార్లు వెనక్కొస్తే ఆరోజు బాగా జరిగినట్టే.

మరీ పట్టుకుని వదలని ఆలోచనలకి బుద్ధుడి ఉపదేశాల ఇంకో సంకలనం, మజ్ఝిమ నికాయంలో ఐదు ఉపాయాలున్నాయి. ఒకటి వడ్రంగి ఉపాయం, చిన్న మేకు కొట్టి పెద్ద మేకుని బయటికి తోసినట్టు ఒక చెడ్డ ఆలోచనని మంచి ఆలోచనతో తోసేయడం. నాకు బాగా పనికొచ్చింది ఇంకోటి. పరుగెత్తినట్టు నడుస్తున్న మనిషి అసలెందుకు ఇంత వేగం అనుకుని మెల్లగా నడుస్తాడు, నడవడం ఎందుకని నిలబడతాడు, ఆపైన కూర్చుంటాడు, చివరికి పడుకుంటాడు. ఆలోచనని కూడా అలా ఒక్కో గేర్ తగ్గించుకుంటూ రావాలన్నమాట, సడెన్ బ్రేక్ కాదు.

మీ ఉత్తరం చూస్తే బిగుసుకుపోయి కూర్చుంటున్నట్టున్నారు. సోణుడనే భిక్షువు కూడా ఇలాగే పాదాలు రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఇక నావల్ల కాదు ఇంటికి పోతాను అనుకున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదులుగా ఉంటే పలికేదా అని బుద్ధుడు అడిగాడు. మీరు కాస్త వదులు చేయండి.

ప్రశ్న: మా అన్నయ్య ఆస్తి పంపకాల్లో నన్ను మోసం చేశాడు. మైత్రీ ధ్యానంలో శత్రువు కూడా సుఖంగా ఉండాలని అనుకోవాలట. కళ్లు మూసుకోగానే వాడి మొహమే వస్తోంది, ఒళ్లు మండిపోతోంది. (ఒక సోదరుడు)

జవాబు: మీరు ఆఖరి మెట్టు మీదనుంచి మొదలుపెట్టారు. విశుద్ధిమగ్గంలో దీనికి ఒక వరస ఉంది, ముందు మీరు, తర్వాత మీరు గౌరవించే మనిషి, ఆపైన బాగా ఇష్టమైనవాళ్లు, తర్వాత మీకు ఏమీ కానివాళ్లు, అంటే రోజూ లిఫ్టులో కనపడే పేరు తెలియని మనిషి లాంటివాళ్లు, ఆ తర్వాతే పడనివాళ్లు. మొదట్లోనే పడనివాణ్ణి తలుచుకుంటే కోపమే వస్తుందని కూడా అక్కడ రాసే ఉంది. కాబట్టి ఒక మూడు నెలలు మీ అన్నయ్యని ధ్యానంలోకి రానివ్వకండి. వస్తే, నీ వంతు ఇంకా రాలేదు, బయట కూర్చో అనండి, నవ్వొచ్చినా సరే.

కోపం అంటే నిప్పుకణిక పట్టుకోవడం లాంటిది, ముందు కాలేది మన చెయ్యే అని బుద్ధుడి బొమ్మతో వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. ఆ పోలిక విశుద్ధిమగ్గంలో ఉంది, అక్కడ రాసింది బుద్ధఘోషుడు. నిప్పు పక్కనే ఆయన ఇంకోటి కూడా చెప్పాడు, ఎదుటివాడి మీద విసరడానికి మలం చేత్తో తీసుకున్నవాడు ముందు తనే కంపు కొడతాడని. ఆ ముక్క మాత్రం ఫార్వర్డ్ చేసేవాళ్లు వదిలేశారు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లో బాగోదనేమో.

ఇంకో తమాషా ప్రశ్న కూడా వేస్తాడు ఆయన. నీకు కోపం వచ్చింది ఎవరి మీద, వాడి తల వెంట్రుకల మీదా, గోళ్ల మీదా, పళ్ల మీదా అని. చదివినప్పుడు ఇదేం లాజిక్ అనిపించింది నాకు, కానీ ఒకసారి నిజంగా ఒక మనిషి మీద కోపంతో నిద్రపట్టనప్పుడు గోళ్ల దగ్గరికొచ్చేసరికి కోపం నిలవడానికి చోటు దొరకలేదు.

అయితే ఒకటి స్పష్టంగా చెప్తాను. మైత్రి అంటే మీ వాటా వదులుకోవడం కాదు. కాగితాలు లాయర్‌కి చూపించండి, కేసు వేయాల్సి వస్తే వేయండి, వాడు నాశనమైపోవాలి అనుకోకుండా కూడా కోర్టుకి వెళ్లొచ్చు. రాత్రి నిద్ర మాత్రం వాడికి రాసివ్వకండి, వాటా పోయింది చాలు.

ప్రశ్న: బౌద్ధ ధ్యానం చేయాలంటే మతం మారాలా? మా ఇంట్లో వాళ్లు గొడవ చేస్తున్నారు. (ఒక విద్యార్థిని)

జవాబు: అక్కర్లేదమ్మా. విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతిని మళ్లీ మన దేశంలో ప్రచారం చేసిన గోయెంకా గారు (1924–2013) బర్మాలో పెరిగిన హిందూ వ్యాపార కుటుంబంవారు, ఆయన మొదటిసారి వెళ్లింది కూడా మోక్షం కోసం కాదు, మైగ్రేన్ తలనొప్పి తగ్గుతుందని. గురువు ఊ బా ఖిన్ గారేమో ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన మనిషి. పది రోజుల కోర్సులో అన్ని మతాలవాళ్లూ కూర్చుంటారు, చివర్లో మైత్రీ భావన నేర్పుతారు. కోర్సుకి ఫీజు లేదు, పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే దానం ఇస్తారు. కాకపోతే దాదాపు ఆ పది రోజులూ మౌనమే, ఫోన్ ఉండదు. ఈమధ్య నిద్ర పట్టట్లేదని, ఊరికే ఏడుపొస్తోందని కూడా రాశావు కాబట్టి ముందు డాక్టర్‌ని కలువు, కోర్సు సంగతి తర్వాత. ఇది మాత్రం మర్చిపోకు.

ప్రశ్న: చుట్టూ ఇన్ని కష్టాలుంటే కళ్లు మూసుకుని కూర్చోవడం స్వార్థం కాదా? (ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, మీకు కథే చెప్పాలి. వెదురుగెడ మీద విద్యలు చేసే ఒకాయన తన శిష్యుణ్ణి భుజాలమీదికి ఎక్కించుకుని, నువ్వు నన్ను కాచుకో, నేను నిన్ను కాచుకుంటాను, అప్పుడు క్షేమంగా దిగి డబ్బులు తెచ్చుకుందాం అన్నాడట. శిష్యుడు, అలా కాదు గురువుగారూ, మీ బ్యాలెన్స్ మీరు చూసుకోండి, నాది నేను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం దిగుతాం అన్నాడు. శిష్యుడిదే సరైన మాట అన్నాడు బుద్ధుడు. అంతటితో వదల్లేదు, తనని తాను కాచుకునేవాడు ఇతరుల్ని కాచినట్టే, ఓర్పుతో, హింస లేకుండా, మైత్రితో ఇతరుల్ని కాచేవాడు తననీ కాచుకున్నట్టే అని రెండోవైపు కూడా చెప్పాడు.

కాబట్టి మీరు అడిగింది సగం కరెక్టు. పొద్దున కూర్చుని లేచాక, రోజంతా ఎవరి దుప్పటీ మార్చకపోతే, ఎవరి మాటా వినకపోతే, అది స్వార్థమే. మీ వీధిలో స్కూలు అయ్యాక ఖాళీగా తిరిగే పిల్లలున్నారని, వాళ్లకి లెక్కలు చెప్పాలని ఉందని మీరే రాశారు కదా. ఎప్పటినుంచి మొదలుపెడుతున్నారో మాకు రాయండి.