పీ0171 చెరిపినా మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: నా పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ స్కానర్ కొని పెడితే పీ0171 అని చూపించింది. యాప్‌లో క్లియర్ నొక్కితే లైట్ పోయింది కానీ రెండు రోజులకు మళ్లీ వచ్చింది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా? స్కానర్‌ను తీయకుండా కారుకే ఉంచేశాను, పర్వాలేదు కదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సెన్సర్ ఇప్పుడే మార్పించకండి. కోడ్ నంబర్లు వేరైనా ఇదే ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. పీ0171 అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ వెళ్తున్నాయని. ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పేదే ఆక్సిజన్ సెన్సర్. చాలాచోట్ల నిజం చెప్పిన సెన్సర్‌నే పీకేసి కొత్తది పెడతారు, కోడ్ మళ్లీ వస్తుంది.

యాప్‌లో లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే గాలికి సరిపోయేలా కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో చెప్పే అంకె. పది శాతం లోపుంటే మామూలే. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇరవై దాటి, ఆక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర ఉంచితే తగ్గుతోందంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు గొట్టం పగిలిందేమో, క్లిప్పు వదులైందేమో ముందు చూడాలి. వేగం, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ చూపించండి.

క్లియర్ మాత్రం నొక్కకండి. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడ్ ఎంతున్నాయో కారు దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ చేస్తే అదీ పోతుంది, మెకానిక్‌కు ఆధారం ఉండదు. చాలా కార్లలో వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే ఈ లైట్ వెలుగుతుంది. మీకు రెండు రోజులు పట్టింది అందుకే. లైట్ ఆగకుండా మిణుకుమిణుకుమంటే మాత్రం అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా మండట్లేదు. కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, బండి పక్కకు ఆపేయండి.

నాకు అసలు టెన్షన్ మీ చివరి మాటతోనే. ఆ స్కానర్‌ను ఈరోజే పీకేయండి. చవక స్కానర్లలో చాలావాటి బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000. వైఫైతో పనిచేసే కొన్నింటికి పాస్‌వర్డే ఉండదు. స్టీరింగ్ కిందున్న ఆ 16 పిన్నుల సాకెట్ చాలా కార్లలో లోపలి నెట్‌వర్క్‌కు తలుపు. ఆ నెట్‌వర్క్‌లో మెసేజ్ ఎవరు పంపారో తనిఖీ చేసే ఏర్పాటు మొదట్నుంచీ లేదు. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు, బండి వాడకం లెక్కకు బీమా కంపెనీ ఇచ్చే, ఇదే సాకెట్‌కు పెట్టే ఒక పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు పడేలా చేశారు, పనిచేయకుండా కూడా చేశారు. మీది బ్లూటూత్ కాబట్టి అంత దూరం నుంచి రాలేరు, కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పక్క బండిలో కూర్చున్నవాళ్లకు ఆ దూరం చాలు. కోడ్ చదివే యాప్ మీ కాంటాక్ట్‌లు అడిగితే దాన్నీ తీసేయండి.

ఇంతకీ మీరు స్కానర్ కొనాల్సి రావడమే నాకు కోపం తెప్పిస్తోంది. మన దేశంలో కొత్త కార్లకు ఓబీడీ-2, అంటే తప్పును కారే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఈ ఏర్పాటు, తప్పనిసరై 2013 నుంచి ఇన్నేళ్లయింది. డ్యాష్‌బోర్డులో టీవీ అంత స్క్రీన్ పెడుతున్నారు, పాటలు, మ్యాపులు అన్నీ చూపిస్తున్నారు. కారు తనకు తెలిసిన ఐదక్షరాల కోడ్‌ను, పక్కన ఒక తెలుగు వాక్యాన్ని అదే స్క్రీన్‌పై చూపిస్తే, ఆ సాకెట్‌లో ఊరూపేరూ లేని పరికరాన్ని ఎవరూ పెట్టరు.